రాయి లేని కాగితం

ఆ ఊరి సొసైటీ గోదాం ముందు మనుషుల కంటే చెప్పులే ఓపికగా నిలబడతాయి. యూరియా లారీ ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. అందుకని రైతులు పొద్దున్నే వచ్చి వరుసలో చెప్పులు విడిచి, పక్కన పట్టా పాసుబుక్కు, ఆధార్ జిరాక్సులు పెట్టి, గాలికి ఎగిరిపోకుండా మీద ఒక రాయి ఉంచి నీడకు పోయి కూర్చుంటారు. చెప్పులున్న చోట మనిషి ఉన్నట్టే లెక్క. ఒకరి చెప్పులు ఇంకొకరు జరపరు. సర్కారు ఎన్నిసార్లు మాట తప్పినా ఆ వరుస మాత్రం మాట తప్పింది లేదు.

మహబూబాబాద్ జిల్లాలోని ఆ ఊరికి పక్క తండా నుంచి రాజీ నాలుగు రోజులుగా వస్తోంది. రెండెకరాల వరి పసుపు తిరిగిపోతోంది. ఆమె భర్త భోజ్యా పోయాక భూమి కొడుకు చందు పేరు మీదికి మారింది కాబట్టి ఆమె తెచ్చే జిరాక్స్ చందుది. ఆ రోజు ఆమె వచ్చేసరికి చుట్టుపక్కల రాళ్లన్నీ ముందొచ్చినవాళ్లు ఏరుకున్నారు. వెతికే ఓపిక లేక కాగితం మీద తన కుడికాలి చెప్పునే బరువుగా పెట్టింది.

ఆమె ముందున్నవి రబియా బీ చెప్పులు. ఆమెకు సొంత భూమి లేదు, ఎకరం కౌలుకు చేస్తుంది. పట్టాదారు జిరాక్స్ తేవడానికి కొడుకు కైసర్ ఆటో వేసుకుని పోయాడు. రాజీ, రబియా బీ ఇరవై ఏళ్లుగా పక్కపక్క సాళ్లలో పత్తి ఏరినవాళ్లు. ఒకరి సద్దిలో ఒకరు చెయ్యి పెట్టడానికి ఇద్దరికీ మొహమాటం లేదు.

పది గంటలకు గోదాం తలుపు జానెడు తెరుచుకుంది. "లోడు రాలేదు, రేపు రాండ్రి" అన్న మాట బయటికొచ్చి తలుపు మూసుకుంది. సరిగ్గా అప్పుడే ప్రతిపక్ష పార్టీ నాయకుడు, తెల్లచొక్కా రవీందర్ మోటర్ సైకిల్ దిగాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగే రకం మనిషి. ఆయన ఏనాడూ ఆ వరుసలో చెప్పులు విడిచింది లేదు. బస్తాలు ఆయన ఇల్లు వెతుక్కుంటూ పోతాయి.

"గిట్ల చెప్పులు పెట్టుకోని కూసుంటే ఎవ్వడు పట్టించుకుంటడు? రోడ్డు మీద కూసుందాం పాండ్రి. తెలంగాణ ఎట్లొచ్చింది? కూసుంటెనే వచ్చింది" అన్నాడు రవీందర్.

అందరికంటే ముందు రాజీ లేచింది. ఆమె లేవకపోతే ఎవరు లేస్తారు? ఉద్యమం రోజుల్లో భోజ్యా మానుకోటలో రైలు పట్టాల మీద కూర్చుని కేసు పెట్టించుకున్నవాడు. రాష్ట్రం వచ్చాక కేసు ఎత్తేశారు. భోజ్యా మాత్రం ఎఫ్ఐఆర్ కాపీని లామినేషన్ చేయించి సేవాలాల్ పటం పక్కన గోడకు తగిలించాడు. ఇంటికి ఎవరొచ్చినా ముందు అది చూపించి, తర్వాతే చాయ్ పోయించేవాడు.

చెప్పులు వరుసలోనే వదిలి, అరవై డెబ్బై మంది వట్టికాళ్లతో రోడ్డెక్కారు. బస్సులు ఆగాయి. ఎండ ముదిరింది. జిరాక్స్ తీసుకుని తిరిగొచ్చిన కైసర్ ఆ జనాన్ని చూసి వెనక్కి మళ్లి, ఆటోలో రెండు డబ్బాల నీళ్లు తెచ్చాడు.

"చిన్నమ్మా, జర నీళ్లు తాగు. మొఖం గుంజుకపోయింది" అని మొదటి గ్లాసు రాజీకే ఇచ్చాడు.

పన్నెండింటికి పోలీసు జీపు వచ్చింది. వెనుక ఎక్కడి నుంచో ఒక రాయి లేచి జీపు అద్దం మీద పడింది. విసిరిన చెయ్యి రాజీ చూసింది. అది రవీందర్ వెంట తిరిగే కుర్రాడి చెయ్యి. ఆ తర్వాత లాఠీలు లేచాయి, జనం పొలాల్లో పడి పరుగెత్తారు. రవీందర్ మోటర్ సైకిల్ అప్పటికే అక్కడ లేదు.

పోలీసులకు ఒక్కడూ దొరకలేదు. దొరకాల్సిన పనీ లేకపోయింది. గోదాం ముందు వరుసలో పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోటోతో సహా కాగితాలు బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. ముద్దాయిలు తమ ఆధార్ కార్డులు తామే తెచ్చి, ఎగిరిపోకుండా రాయి పెట్టి మరీ అప్పజెప్పిన కేసు ఏ పోలీసుకైనా ఎన్ని జన్మలకు దొరుకుతుంది? చేతికందిన పదకొండు కాగితాలు ఏరుకుని పదకొండు మంది మీద కేసు రాశారు. రబియా బీ చెప్పుల పక్కన కాగితం లేదు కాబట్టి ఆమె బయటపడింది. చెల్లాచెదురైన చెప్పుల్లోంచి రాజీ జోడు వెతికి సాయంత్రం తండాకు తెచ్చి ఇచ్చింది కూడా ఆమే.

మూడో రోజు చందు పేరున నోటీసు వచ్చింది. రాజీ నవ్వింది. ఎవరికీ రాని నవ్వు ఆమెకే వచ్చింది. ఆ ఇంట్లో కేసంటే గోడకు తగిలించుకునే వస్తువు.

"మీ బాపు మీద గూడ పెట్టిండ్రు. ఏమయింది? ఎత్తేసిండ్రు" అంది.

చందు నవ్వలేదు. కానిస్టేబుల్ సెలక్షన్ లిస్టులో వాడి పేరు వచ్చి పదిహేను రోజులైంది. నాలుగేళ్లు పొద్దున్నే రోడ్డు మీద పరుగెత్తి, రెండుసార్లు తప్పి, మూడోసారి తెచ్చుకున్న పేరు అది. ఇక మిగిలింది పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే. గొడవ జరిగిన రోజు వాడు భూపాలపల్లిలో అక్క ఇంట్లో ఉన్నాడు.

"యాడీ, కేసుంటె నౌకరి ఇయ్యరు. పోలీసోళ్ల మీద రాయేసిన కేసుంటె అసలే ఇయ్యరు" అన్నాడు తల్లితో. ఆ మాట అని గోడకున్న లామినేషన్ కాగితం వైపు చూసి, లేచి బయటికి పోయాడు.

రాజీ నవ్వు అక్కడ ఆగింది. ఆమె రవీందర్ ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద కూర్చుని, "కేసులకు భయపడితే పోరాటం ఎట్లయితదవ్వా? మేం గెలువంగనే ఎత్తేస్తం" అన్నాడు. ఎప్పుడు గెలుస్తారని అడిగితే మూడేళ్లని చెప్పాడు. ట్రైనింగుకు ఇరవై రోజులే ఉన్నాయి. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అంటారు. ఈయన ఓడ ఎక్కకుండానే బోడి మల్లన్న అన్నాడు.

తండాలో ఎవరూ పోలీస్ స్టేషన్‌కు తోడు రాలేదు. రబియా బీ వచ్చింది.

"పోరడు ఊర్లనే లేడని నేను సాక్షి చెప్త. ఖుదా మీద ఒట్టేసి చెప్త. నువ్వు పరేషాన్ గాకు" అంది.

స్టేషన్ వరండాలో ఇద్దరూ చెప్పులు విడిచారు. కానిస్టేబుల్ ఒక్కరినే లోపలికి రమ్మన్నాడు. రబియా బీ వరండాలో గోడకు ఆనుకుని రెండు జతల చెప్పుల పక్కన కూర్చుంది.

ఎస్సై రామ్మోహన్ కాగితాల కట్ట ముందేసుకుని ఉన్నాడు. కోపమైన మనిషి కాదు. కూర్చోమని స్టూలు చూపించాడు కూడా.

"నా కొడుకు ఆ రోజు ఊర్ల లేడు సార్. కాగితం పెట్టింది నేను. రోడ్డు మీద కూసున్నది నేను. నా మీద రాసుకోండ్రి."

"పదకొండు కాగితాలు తెచ్చినం. పది కాగితాల మీద రాళ్లున్నయి. నీ కొడుకు కాగితం మీద రాయి లేదు. గా రాయి ఎటు పోయిందమ్మా?"

రాజీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక స్టూలు మీది నుంచి లేచింది.

"చెప్పు పెట్టిన సార్. రాయి దొరకలేదు, నా చెప్పు పెట్టిన."

"చెప్పు అని నువ్వంటున్నవ్. రాయి అని మేం రాసినం" అన్నాడు ఎస్సై. కాసేపు పెన్ను తిప్పి మళ్లీ అన్నాడు. "పోరడు మా డిపార్ట్‌మెంటుకే వస్తున్నడని విన్న. నాకు గూడ మంచిగ లేదు. గని పదకొండు మందని పైకి పంపిన. ఒక పేరు తీస్తే ఒక పేరు పెట్టాలె. రాయేసింది ఎవరో చెప్పు, నీ కొడుకు పేరు తీసేస్త."

పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది రాజీకి. చూసింది చూసినట్టు చెప్పింది. రవీందర్ కూర్చోమన్నాడని చెప్పింది, ఆయన వెంట తిరిగే కుర్రాడు రాయి వేశాడని చెప్పింది. ఎస్సై పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

"గా పేర్లు కాదమ్మా. రాసెటట్టున్న పేరు చెప్పు."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. తలుపు సందులోంచి వరండాలో రబియా బీ మోకాలు, మోకాలి మీద తస్బీ పూసలు తిప్పుతున్న చెయ్యి కనిపిస్తున్నాయి. రాజీ ఒక్కొక్కరినే మనసులో తెచ్చుకుంది. తండావాళ్లు కుదరదు, అన్నదమ్ములు, మేనమామలు, రేపు చందు పెళ్లికి రావాల్సినవాళ్లు. ఊళ్లో పెద్ద కులాలవాళ్లను రాయనే రాయరు. రాయడానికి వీలైన మనిషి ఎలా ఉండాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అయినా తెలిసింది. అదే ఆమెను ఆ తర్వాత ఎక్కువగా కాల్చింది.

"కైసర్" అంది.

"ఏ కైసర్? ఆటో కైసరా? బయట కూసున్నామె కొడుకా?"

తల ఊపింది. ఎస్సై రెండు పేజీలు రాశాడు, చదివి వినిపించలేదు. స్టాంపు ప్యాడు ముందుకు జరిపాడు. రాజీ బొటనవేలు ఒత్తింది.

బయటికి వచ్చేసరికి రబియా బీ లేచి నిలబడి ఉంది. కూర్చున్నంతసేపూ ఊరుకోలేక, రాజీ చెప్పులు తుడిచి, వేసుకోవడానికి వీలుగా మెట్ల వైపు తిప్పి పెట్టింది.

"ఏమన్నడు? నన్ను పిలుస్తడా?"

"అక్కర లేదంట అక్కా. అయిపోయింది."

"అల్లా చూసిండు బిడ్డా" అని రబియా బీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. రాజీ చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

మరునాడే కైసర్‌ను, ఆటోను తీసుకుపోయారు. నలభై రోజులకు బెయిల్ వచ్చింది. ఆటో మాత్రం స్టేషన్ వెనుక వానకు తడుస్తూ ఉండిపోయింది. చందు ట్రైనింగుకు పోయాడు. పోయే ముందు, "నా పేరు ఎట్ల తీసిండ్రు యాడీ?" అని అడిగాడు. "సారు మంచోడు" అంది రాజీ. వాడు ఇంకో మాట అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో వాడికి తెలిసే ఉంటుంది.

చార్జిషీటులో సాక్షుల పేర్లుంటాయని రాజీకి తెలియదు. కైసర్ పదో తరగతి చదివినవాడు. తల్లిని కూర్చోబెట్టి ఆ రెండు పేజీలూ చదివి వినిపించాడు. రబియా బీ తన వాకిట్లోకి వచ్చి తిడుతుందని, మట్టి ఎత్తి పోస్తుందని రాజీ నెలల తరబడి ఎదురుచూసింది. ఆ తిట్లు పడితే తనకు కాస్త నిద్ర పట్టేదేమో. ఆమె రాలేదు.

మళ్లీ వానకాలం వచ్చింది, మళ్లీ యూరియా రాలేదు. రాజీ గోదాం దగ్గరికి వచ్చి వరుస చివర చెప్పులు విడిచింది. ఈసారి దారిలోనే గుప్పెడంత రాయి ఏరుకుని తెచ్చి కాగితం మీద పెట్టింది. రేకుల నీడకు పోతే అక్కడ కూర్చున్నవాళ్లు మాట ఆపారు, చోటివ్వలేదు. ఎండలో ఒక పక్కగా నిలబడి వరుస వైపు చూసింది.

రబియా బీ నీడలోంచి లేచింది. ఏడాదిలో నడుము వంగింది. మెల్లగా వరుస చివరికి పోయి, రాజీ కాగితం మీది రాయి తీసి పక్కన పెట్టింది. కాగితం మడిచి ఒక చెప్పు పట్టీలో దోపింది. రెండు చెప్పులూ చేత్తో ఎత్తుకుని రోడ్డు దాకా నడిచి, కొంగుతో దుమ్ము తుడిచి, తండా వైపు తిప్పి, వేసుకోవడానికి వీలుగా జతగా పెట్టింది.

ఎవరూ వద్దనలేదు. వెనుక వచ్చిన మనిషి తన చెప్పులు ఒక అడుగు ముందుకు జరుపుకున్నాడు.