గుమ్మం బయట నీలం బకెట్

మా పిన్ని నవల రాసింది. అందులో కథ చెప్పేది నాలాంటి పిల్ల. నాలాంటి అంటే, చప్పుళ్లు పడవు, ఎవరైనా ముట్టుకుంటే గిట్టదు, అడిగినదానికి అడిగినంతే జవాబు చెబుతుంది. డాక్టరు దానికి పొడవాటి పేరొకటి పెట్టాడు. మా అమ్మ మొండితనం అంటుంది. పలకడానికి అమ్మ మాటే సులువు.

నవలలోకి నా గది మొత్తం దిగిపోయింది. నీలం బకెట్, ఆగిపోయిన గడియారం, ఎప్పుడూ వేసి ఉండే తలుపు. ఈ మూడూ మాటిమాటికీ వస్తాయి. నా గదిలో బకెట్ ఎందుకుందంటే పైకప్పు కారుతుంది కనుక. గడియారం ఎందుకాగిందంటే, టిక్కుటిక్కుమని ప్రాణం తీస్తుంటే నేనే బ్యాటరీ పీకేశాను కనుక. తలుపెందుకు వేసి ఉంటుందంటే, కింద అమ్మ కుట్టుమిషను మోగుతుంటుంది, పైన నేను కాజాలు కుడుతుంటాను కనుక. గడియ మాత్రం లేదు. లోపల నాకేమైనా అయితే ఎలా అని అమ్మ ఊడబీకించింది.

కాజా అంటే గుండీ దూరే చీలిక. ముందు బట్టను కత్తిరించి, తరవాత అంచు చుట్టూ చేత్తో కుట్టాలి. కత్తెర నూలుపోగంత పక్కకు జరిగిందా, ఇక ఆ బట్టను దేవుడు కూడా బాగుచేయలేడు. అందుకే కత్తెర పట్టినప్పుడు నేను ఊపిరి కూడా బిగబట్టుకుంటాను.

ఈ సంగతి పిన్నికి బాగా తెలుసు. నవల రాయకముందు తను తలుపు తట్టి, నేను రమ్మనేదాకా బయటే నిలబడేది. ఇంట్లో అలా చేసేది తనొక్కతే. అందుకే తనంటే నాకు ప్రాణం.

కానీ చివరి అధ్యాయంలో పిన్ని ఒక ఘనకార్యం చేసింది. తల్లి తలుపు తోసుకుని లోపలికొస్తుంది, పిల్ల పరుగెత్తుకొచ్చి వాటేసుకుంటుంది, ఆగిన గడియారం దానంతటదే నడుస్తుంది. బ్యాటరీ ఎవరు వేశారో రాయలేదు. చదివినవాళ్లంతా కళ్లొత్తుకున్నారు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఆ పిల్ల లోలోపల మనకోసం ఎదురుచూస్తోందట అంటూ మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మేనత్త తోసుకొచ్చింది, పక్కింటావిడ తోసుకొచ్చింది. చివరికి పిన్ని కూడా తను రాసిన అబద్ధాన్ని తనే నమ్మి, తట్టడం మానేసింది. తను అలా వచ్చిన రోజునే నా కత్తెర జారి, ఆసుపత్రివాళ్లు కుట్టడానికిచ్చిన తెల్లకోటు ఒకటి ఛాతీ మీద అడ్డంగా చీలింది. అమ్మ నన్ను తిట్టింది. నాకు ఏడుపొచ్చింది, కోటు గురించి కాదు.

ఆ తరవాత గ్రంథాలయంలో నవల మీద సభ జరిగింది. నవలల్లో సంకేతాలు వెతకడంలో చేయితిరిగిన లెక్చరరు ఒకాయన వచ్చాడు. బకెట్ అంటే ఆ పిల్ల రాల్చని కన్నీళ్లు, గడియారం అంటే ఆగిపోయిన బాల్యం, తలుపంటే మూసుకున్న హృదయం అన్నాడు. కన్నీళ్లకు అంత పెద్ద బకెట్ దేనికని నేను ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆఖర్న నన్నూ మాట్లాడమన్నారు.

"తలుపంటే తలుపే. వచ్చేముందు తట్టండి," అన్నాను మైకులో.

హాలంతా చప్పట్లు. ఎంత లోతైన మాటో అని లెక్చరరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ సాయంత్రమే ఆ లోతును మెచ్చుకోవడానికి నలుగురు మా ఇంటికొచ్చి, తట్టకుండా నా గదిలో దూరారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని. అయినా, చెవిటివాడికి శంఖం వినబడకపోతేనేం, కనబడుతుంది కదా అని తోచింది. మాట వినని ఈ జనం సంకేతం చూస్తే ఆగుతారేమో చూద్దామనుకున్నాను.

ఆదివారం లెక్చరరు తన విద్యార్థుల్ని వెంటబెట్టుకుని నవల పుట్టిన గది చూడటానికి వస్తాడని పిన్ని చెప్పింది. ఆ రోజు పొద్దుటినుంచీ వాన. నేను బకెట్ తీసి గుమ్మం బయట పెట్టాను. అందులో గడియారాన్ని పడుకోబెట్టాను. దాని మీద ఖాళీ దారపు రీలు ఒకటి వేశాను. దానికి అర్థమేమీ లేదు, చేతికి దొరికింది. తలుపు వేసుకుని, ఆసుపత్రివాళ్లదే ఇంకో కోటు ఒళ్లో పెట్టుకున్నాను.

మెట్ల మీద బిలబిలమంటూ వచ్చిన అడుగులు గుమ్మం దగ్గర టక్కున ఆగాయి. ఎవరూ దాటొద్దని లెక్చరరు గుసగుసగా చెప్పాడు. ఖాళీ రీలు తెగిన బంధానికి గుర్తన్నాడు. కాదు, ఇంకా అల్లుకోని బంధమని ఒక విద్యార్థిని అంది. ఇద్దరూ వాదించుకున్నారు, అదీ గుసగుసగానే. వాళ్లు రీలు సంగతి తేల్చేలోగా నేను కోటు కాజాలు చాలామటుకు కోసి కుట్టేశాను. ఇంత హాయిగా పని చేసి ఎన్నాళ్లయిందో.

చివరికి ఆయన పిన్నినే అడిగాడు. "రాసింది మీరే కదా. ఈ బకెట్ ఇక్కడ దేనికి సంకేతమంటారు?"

నా చేతిలో సూది ఆగిపోయింది. ఇప్పుడు తను కూడా కన్నీళ్లని అందంటే, ఇక ఈ ఇంట్లో నాకెవరూ లేనట్టే.

"లోపల పని జరుగుతోందని," అంది పిన్ని. "తట్టి ఆగమని. నాకు తెలుసు. తెలిసీ మానేశాను."

ఆ తరవాత తలుపు మెల్లగా చప్పుడైంది, పాత రోజుల్లో లాగే.

నేను వెంటనే రమ్మనలేదు. కాజా సగంలో ఉంది. అది పూర్తిచేసి, ముడివేసి, దారం కొరికి, అప్పుడు రమ్మన్నాను. అందాకా పిన్ని కదల్లేదు, ఎవర్నీ కదలనివ్వలేదు. సంతోషంతో నా చెవులు వేడెక్కాయి.

పిన్ని ఒక్కతే బకెట్ పట్టుకుని లోపలికొచ్చి తలుపు వేసింది. నన్ను ముట్టుకోలేదు. తన కళ్లు నేల మీద పడ్డాయి. బకెట్ బయట ఉంది కనుక, కప్పు కారే చోట నేను తన నవల పెట్టాను, చివరి అధ్యాయం తెరిచి. లావుపాటి పుస్తకం, నీళ్లు బాగానే పీల్చుకుంది.

"మరి ఇది దేనికి సంకేతమే?" అంది, నవ్వాపుకుంటూ.

"పైకప్పు కారుతోందని."

రెండో ముద్రణలో చివరి అధ్యాయం మారింది. పిల్ల ఎవర్నీ వాటేసుకోదు. తల్లి తలుపు తట్టి బయట నిలబడుతుంది, అంతే. ఇప్పుడెవరూ కళ్లొత్తుకోవడం లేదని, పుస్తకం అమ్ముడుపోవడం లేదని పిన్ని నా దగ్గర గొణుగుతుంటుంది. ఆ గొణిగేది కూడా తలుపు తట్టి, నేను రమ్మన్నాకే.