చామంతి రేకు మీద వంకర గీత

మా చైనా దేశపు జింగ్దెజెన్ ఊళ్లో గీసేవాడు రంగు ముట్టడు, రంగు నింపేవాడు గీత గీయడు. పింగాణీ పనిలో తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. మా మేనల్లుడు చీగెన్ గీస్తాడు. ఎదురు బల్ల మీద తాన్ ఎనామిల్ రంగులు నింపుతాడు. ఆఖరికి అన్నీ నా బొగ్గు బట్టీలోకే రావాలి కనుక ఇద్దరినీ ఏడిపించే హక్కు నాది.

చీగెన్ మనసంతా తాన్ కూతురు రుయి మీదే. చక్రవర్తి కొలువుకి నమూనాగా వెళ్లే చామంతి పళ్లెం బట్టీలోంచి చెడకుండా దిగితే పిల్లనిస్తానన్నాడు తాన్. చెడితే ఆ ఊసే ఎత్తొద్దన్నాడు.

పళ్లెమే ఒక పువ్వు. అంచు చుట్టూ రేకులు, ఒక్కొక్కటీ వెలుతురు దూరేంత పల్చన. ఆ మధ్యాహ్నం నది ఒడ్డున బట్టలు ఉతికే చప్పుడు మెత్తగా వినిపిస్తోంది. రేకుల మీద గీస్తూ గీస్తూ మావాడు కునికాడు. కళ్లు తెరిచేసరికి పళ్లెం తాన్ బల్ల మీదుంది. ఒక రేకు మీద సన్నటి వంకర గీత.

తాన్ దాన్ని చూశాడు. రంగు నింపి నాకు పంపేశాడు.

చీగెన్ బట్టీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. "మామా, కాల్చకముందే ఆ గీత కాస్త తుడిచెయ్యవా."

"నాకు తుడవడం ఏం తెలుసురా. నాకు తెలిసింది నిప్పు ఊదడమే. అయినా నిద్దట్లో ఇంత సన్నంగా గీశావు, మెలకువలో చీపురుతో గీసినట్టు గీస్తావేం?"

"నీకు నవ్వులాటగానే ఉంటది."

కాలేదాకా ఆ రంగు బురదలాగే ఉంటుంది. ఏం నింపాడో తాన్‌కే తెలియాలి.

తెల్లారి బట్టీ చల్లారాక తీస్తే పళ్లెమంతా గులాబీ రంగు. ఆ గీత వెంట మాత్రం రంగు పల్చబడి, నీళ్లలో ఏదో కదిలినట్టుంది. చూస్తున్నంతసేపూ రేకు ఊపిరి తీసుకుంటున్నట్టే అనిపించింది.

తాన్ దాన్ని వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు. "ఇది గీసేటప్పుడు ఏం చూశావురా?"

అబద్ధమాడరా అని కన్ను గీటాను. వెధవ నా వైపు చూడలేదు.

"నిద్రపోయాను పెద్దయ్యా. కల్లో రుయి నదిలో తల కడుక్కుంటోంది. ఒక వెంట్రుక ఊడి నీళ్లలో కొట్టుకుపోతోంటే దాని వెంట పోయాను."

నేను తల పట్టుకున్నాను. తాన్ పళ్లేన్ని నెమ్మదిగా కింద పరిచిన ఎండుగడ్డి మీద పెట్టాడు.

"దీనికి జత పళ్లెం కూడా పంపాలి. దాని మీదా ఇదే గీయి. మెలకువగా ఉంటే నీకు రాదు. అదిగో, ఆ మూల చాపేసుకో."

"మరి పెళ్లి మాటో, తాన్ అన్నా?" అన్నాను.

"గట్టిగా అరవకు. అల్లుడు పడుకోవాలి."