ఎడమ చెవి గుర్తు

తిరుపతయ్య ఎడమ చెవి పై అంచున పుండు నాలుగోసారి పొలుసు కట్టింది. ప్రతిసారీ ఆయన గొర్రెల పుండుకు చేసినట్టే చేశాడు. గోటితో గీకి, వేపనూనెలో పసుపు కలిపి అద్దాడు. పొలుసు ఊడగానే "ఖతమైంది" అనేవాడు. నెల తిరక్కుండా మళ్లీ లేచేది.

ఆయన భార్య ఉప్పలమ్మకు భయం కన్నా ముందు సందేహం పట్టుకుంది. ఒంటినిండా ఎండ తగిలే మనిషికి ఈ ఒక్క చెవికే ఎందుకు? ఆ అంచు బొల్లి సోకి పడుచుతనం నుంచే తెల్లగా ఉంది. పుండు ఆ తెలుపు మీదే లేచింది. ఆమె దొడ్లోకి వెళ్లి గొర్రెలన్నిటి చెవులూ ఎత్తి చూసింది. నల్ల చెవులు శుభ్రంగా ఉన్నాయి. తెల్లచెవుల ముసలి గొర్రెకు మాత్రం అదే తీరు పొలుసు.

"ఎండ తింటున్నదయ్యా నీ చెవిని."

"అరవై ఏండ్ల సంది తినంది ఇప్పుడు తింటదా?"

"రోజింత తిన్నది. ఇప్పుడు కనవడ్డది. దవాఖానకు పోదాం పా."

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలం అది. పాలకీడు నుంచి బండి కట్టుకుని మిర్యాలగూడ చేరారు. బెజవాడ వైపు నుంచి వచ్చిన డాక్టరు కృష్ణమూర్తి భూతద్దంతో చెవిని చాలాసేపు చూశాడు. ఉప్పలమ్మ ముసలి గొర్రె సంగతి చెప్పగానే అద్దం పక్కన పెట్టాడు.

"ఎన్ని చెవులు చూశారమ్మా?"

"మందల ఉన్నయన్ని సూసిన."

"ఎండ వల్ల వచ్చిందే. ఇంకా పైపైనే ఉన్నట్టుంది. గీకుతూ కూర్చుంటే లోతుకు పాకొచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. అంచున చింతగింజంత ముక్క తీసేద్దాం. దాన్ని హైదరాబాదు పంపి పరీక్ష చేయిస్తాను."

తిరుపతయ్య లేచి నిలబడ్డాడు. "చెవి కొయ్యనియ్య."

"మత్తు ఇస్తాం, నొప్పి ఉండదు."

"నొప్పికి గాదు సారూ. ఏ మందోళ్లు ఆ మంద గొర్లకు చెవి కోసి గుర్తు పెట్టుకుంటరు. కోసిన చెవితోని నేను సంతకు పోతె, ఏ మందల్నుంచి తప్పిపోయినవ్ తిరుపతన్నా అని నవ్వరా?"

డాక్టరు నవ్వలేదు. ఉప్పలమ్మ భర్త వైపు తిరిగింది.

"మన మంద గుర్తేంది?"

"ఎడమ చెవి, పై అంచుకు..." ఆయన ఆగిపోయాడు.

"పుండు యాడున్నది మరి? ఇగ నిన్నెవరి మందలకు తోలుకపోతరు?"

తిరుపతయ్య మెల్లగా కూర్చున్నాడు. "అయితే సారూ, మూలలొచ్చేటట్టు కొయ్యొద్దు," అన్నాడు. "మా మంద కోత వేరే ఉంటది."

డాక్టరు కాగితం మీద చెవి బొమ్మ గీసి ముందుకు జరిపాడు. తిరుపతయ్య ఏనాడూ పెన్సిలు పట్టలేదు. ఇన్నాళ్లూ పుండు గీకిన ఆ గోటినే బొమ్మ అంచున నొక్కి, నెలవంకను దించి చూపించాడు.