గరుకు కల్వం

ఆ మందుల తయారీ గదిలో పనిచేసే అక్కాచెల్లెళ్ళలో అక్కను అందరూ బంకక్క అంటారు. నూనెనూ నీటినీ తుమ్మబంకతో పాలలా కలపడంలో ఆమె చెయ్యి అలాంటిది. సీసా మీద మందు పేరు పెద్దక్షరాల్లో మెరుస్తుంది. బంక పేరు అట్టడుగున, మందుగుణం లేనివాటి వరుసలో, చీమ తలకాయంత. ఆ వరుస చూసినప్పుడల్లా తన జాతకాన్నే ఎవరో అచ్చువేసినట్టుండేది ఆమెకు.

తానే చేయిపట్టి పనిలో పెట్టించిన చెల్లెలు వచ్చిన నాటి నుంచీ పెద్దక్షరాలన్నీ చెల్లెలివే. మేనేజరు నవ్వితే దాన్ని చూసే, మెచ్చుకుంటే దాని పనినే. ఇప్పుడు కొత్త విభాగానికి పెద్దను ఎంచాలి. ఇద్దరూ చెరో సీసా చేపనూనె మందు కలపాలి. తెల్లవారేసరికి ఎవరిది విరగకుండా మెత్తగా నిలిస్తే ఆ కుర్చీ వారిది.

బంకక్క ముందే ముగించింది. మందు నూరే గరుకు పింగాణీ కల్వం గదిలో ఒక్కటే. దాన్ని కడిగి, తుడిచి, తన బల్ల కింద గుడ్డ కప్పి దాచేసింది. చెల్లెలికి మిగిలింది గాజు కల్వం. ఆ నున్నదనంలో ఎంత నూరినా నూనె నలగదు, బంక పట్టదు.

"అక్కా, పింగాణీది కనబడదేం?"

"నా నెత్తిన పెట్టుకున్నానా? వెతుక్కో."

"నెత్తిన కాదులే, ముక్కు మీద పెట్టుకున్నావు కోపం. పోనీ, గాజుదైతే ఏం?"

"నీ చేతిలో ఏదైనా బంగారమే కదమ్మా! మేనేజరుగారే అన్నారు."

చెల్లెలు నవ్వి, నూనెలో బంకపొడి వేసి నూరింది. నీళ్ళ గ్లాసు అందుకుంది. ఆ నీళ్ళు ఒక్కసారిగా పోయాలి. పోశాక వెనక్కి తిరిగేది లేదు. కుదిరితే నూరుతుండగా కల్వంలో చిటచిటమని చప్పుడు. కుదరకపోతే విరిగిన పాలే.

బంకక్క కిటికీ వైపు తిరిగింది. పోయనీ. ఒక్కసారి ఆ మొహం చిన్నబోతే చూడాలి. కానీ చెవులు ఆమె మాట వినలేదు. రాబోని ఆ చప్పుడు కోసం ముందే రిక్కించుకున్నాయి. పళ్ళు జివ్వుమన్నాయి.

"ఆగవే మొద్దూ! గాజులో నూరమని ఎవరు చెప్పారే నీకు?" గరుకు కల్వాన్ని తీసి ఠక్కున బల్ల మీద పెట్టింది. "మళ్ళీ మొదలెట్టు."

"బల్ల కింద ఏం చేస్తోందది?"

"నిద్రపోతోంది. నూరు."

ఈసారి చిటచిటమంది.

ఉదయానికి రెండు సీసాలూ తెల్లగా నిలిచాయి. మేనేజరు వెలుగుకెత్తి చూసి, చుక్కలు వేళ్ళ మధ్య రుద్ది, చెల్లెలిదే మరికాస్త మెత్తగా ఉందన్నాడు. గదంతా చప్పట్లు. బంకక్క తన సీసా మూత గట్టిగా బిగించింది. కల్వం తీసిచ్చిన చేతిని మనసులోనే తిట్టుకుంది.

చెల్లెలు పరుగున వచ్చి మెడ వాటేసుకుంది. "అంతా నీ చలవే అక్కా!"

"నా చెవిలో కాదు, వాళ్ళకి వినబడేలా అను," అంది బంకక్క, చేతులు విడిపించుకుంటూ. "ఇంతకీ నా కల్వం కడిగావా, అలాగే పడేశావా?"