ఒకే కాలవలో రెండు గొట్టాలు

మనవరాలు నా దగ్గరికి వచ్చి రెండు నెలలైంది. ఈ ఊళ్ళో ఫోన్ల తీగలన్నిటికీ కొత్త ప్లాను గీయమని వాళ్ళ కంపెనీ పంపింది. హోటల్లో గది ఇస్తామన్నారట. అది వద్దని నా రెండు గదుల్లోకి పెట్టె మోసుకొచ్చింది. అంతకుముందు నాకు తోడు రేడియో ఒక్కటే. దాని గోల దానిదే, నేను ఏమన్నా బదులు చెప్పేది కాదు.

ఆదివారం పొద్దున అది బల్ల మీద ఊరి మ్యాపు పరిచి, మూలలు లేవకుండా నా మందుల డబ్బా, ఉప్పు సీసా పెట్టి, ఆసుపత్రి చుట్టూ పెన్సిలుతో ఒక చుట్టు గీసింది.

"ఇదేమిటే, దేనికీ చుట్టు?"

"ఆసుపత్రికి రెండు దారుల్లో తీగ వెళ్తుంది నానమ్మా. ఒకటి పెద్ద రోడ్డు కింద, ఇంకొకటి వెనక రోడ్డు కింద. ఎవడో జేసీబీతో ఒకటి తెంపాడనుకో, రెప్పపాటులో మాటలన్నీ రెండో దారి పట్టేస్తాయి. అంబులెన్సు ఫోను ఆగదు."

"కొత్తగా తవ్వుతారా?"

"ఎందుకు తవ్వడం? తాతయ్య వేసిన గొట్టాలు రెండూ ఉన్నాయిగా! పాత రాగి తీగ లాగేసి, వాటిలోనే ఫైబరు ఎక్కించారు ఎప్పుడో. ఇది మా తాతయ్య చేతి పని అని ఆఫీసులో నా తోటివాళ్ళందరికీ టముకు వేశాను. రేపు మా పెద్దసారు సంతకం పెడితే అయిపోయినట్టే."

నా చేతిలో టీ ఒలికింది. అది నవ్వుతూ గుడ్డ తెచ్చి తుడిచింది.

ఆ రెండో గొట్టం నడిమి భాగం వెనక రోడ్డులో లేదు. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. మా ఆయన కేబుల్ మేస్త్రీ. ఆయనా, ఆయనతో తవ్విన తొమ్మిదిమందీ ఒకరి వెనక ఒకరు పోయారు. ఎవరు ఎడమచేతి వాటమో, ఎవరు గునపం వేస్తూ బూతులు పాడేవారో ఇప్పటికీ చెప్పగలను. అడిగేవాళ్ళే లేరు.

అప్పట్లో మేము రైల్లో నాలుగు గంటల దూరాన ఇంకో ఊళ్ళో అద్దె గదిలో ఉండేవాళ్ళం. ఆయన ఈ పనికి వచ్చి నెల దాటింది. నాకు ఎనిమిది నెలల పిల్లాడు. పలకరించే దిక్కు లేదు. గోడకు పగుళ్ళెన్నో లెక్కపెట్టేదాన్ని. పద్నాలుగు. ఒకరోజు పిల్లాణ్ణి చంకనేసుకుని ఎక్స్ఛేంజికి పోయి, అక్కడి ఆపరేటరమ్మను బతిమాలాను. ఆవిడ జాలిపడి, ఆయన తీగ అతికేచోట పెట్టుకున్న టెస్టు ఫోనుకు కలిపింది.

"ఎప్పుడొస్తావు?" అన్నాను.

"పెద్ద రోడ్డు అయింది. వెనక రోడ్డులో మధ్యన అంతా నల్లరాయి. ఇంకా పన్నెండు రోజులు."

పన్నెండు అనగానే నా నోటినుంచి వచ్చేసింది: "పిల్లాడికి జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది."

మర్నాడు మధ్యాహ్నానికల్లా వచ్చేశాడు. బూట్లైనా విప్పకుండా పిల్లాడి నుదురు ముట్టుకున్నాడు. పిల్లాడు కిలకిలా నవ్వాడు.

"జ్వరం ఎక్కడే?"

"తగ్గిపోయింది."

"ఊఁ," అన్నాడు. అంతే. అన్నం తింటున్నప్పుడు మాత్రం తలెత్తకుండా చెప్పాడు: "రాయి ఉన్న మేరకు రెండో గొట్టాన్ని రాత్రికి రాత్రే, తవ్వి ఇంకా పూడ్చని పెద్ద రోడ్డు కాలవలోకే మళ్ళించాను. రెండు చివరలూ కాగితంలో ఉన్నచోటే తేలతాయి. ఎవరితోనూ అనకు." ఆ తర్వాత ఈ ఊరికే మారి ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాం. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, నన్ను ఒక్కమాటా అనలేదు.

ఆ ఆదివారమంతా మింగలేక కక్కలేక తిరిగాను. చెప్తే మనవరాలి కళ్ళలో ఆయన ఏమైపోతాడు? చెప్పకపోతే, ఒక్క గునపం దెబ్బకి రెండు తీగలూ తెగుతాయి. ఆసుపత్రిలో ఫోను మూగబోతుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి చెప్పేశాను.

అది మ్యాపు మీద వెనక రోడ్డు వెంట వేలు జరిపింది.

"వెనక రోడ్డు తీగ కొలిస్తే రెండువందల మీటర్లు తక్కువ వస్తోంది నానమ్మా. మిషనుదే తప్పనుకుని వదిలేశాం." తర్వాత నెమ్మదిగా అడిగింది. "తాతయ్య ఎందుకలా చేశాడు?"

"మీ నాన్నకి... జ్వరం వచ్చిందని."

దాని ముఖం విచ్చుకుంది. "బిడ్డ కోసమా! పోనీలే నానమ్మా, నేనైనా అదే చేసేదాన్ని," అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదిలించుకోబుద్ధి కాలేదు. ఆ జ్వరం అబద్ధమని మాత్రం చెప్పలేదు.

మనవరాలు సంతకం ఆపించి, కొలత తేడా తేల్చాలని గురువారం పెద్ద రోడ్డు తవ్వించింది. ఇంట్లో కాలు నిలవక నేనూ వెళ్ళాను. నడుం లోతున రెండు గొట్టాలూ పక్కపక్కనే బయటపడ్డాయి.

గుంటలో ఉన్న కూలీ ఒకడు పార ఆపి నవ్వాడు. "కవల పిల్లల్ని కలిపి పడుకోబెట్టినట్టు పడుకోబెట్టాడు, ఎవడో సోమరిపోతు!"

"సోమరి కాదురా, తాగి ఉంటాడు," అన్నాడు ఇంకొకడు.

మా ఆయన జన్మలో తాగి ఎరగడు. ఆ తొమ్మిదిమందికంటే ముందు గుంటలో దిగేవాడు, అందరికంటే చివర పైకెక్కేవాడు.

మనవరాలి పెద్దసారు అద్దాలు సవరించుకుని వంగి చూశాడు. "ఎవరమ్మాయ్ ఇది వేసింది? రికార్డుల్లో ఉందా?"

అది నావైపు ఒక్క క్షణం చూసింది. "ఎవరి పేరూ లేదు సార్."

తాతయ్య పరువు కాపాడాననుకుంది పిచ్చిది. ఆయన పేరే లేదన్న ఆ మాట నాకెక్కడో గుచ్చుకుంది. చరచరా గట్టు అంచుకి, మనవరాలి పక్కకి వెళ్ళాను.

"ఉంది బాబూ. మా ఆయన వేశాడు. సోమరీ కాదు, తాగుబోతూ కాదు. పిల్లాడికి జ్వరమని నేను అబద్ధం చెప్తే పరిగెత్తుకొచ్చాడు. జ్వరం లేదు, గిరం లేదు. ఒక్కదాన్నీ ఉండలేక చెప్పాను."

నేను నోరు తెరిచినప్పుడే రోడ్డు పగలగొట్టే మిషనూ మొదలైంది. పెద్దసారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏమిటీ?" అని, నా జవాబు కోసం ఆగకుండా, "ఈ మామ్మగారిని కాస్త పక్కకి తీసుకెళ్ళండమ్మా, కాలు జారితే మన మీదికొస్తుంది," అన్నాడు.

మనవరాలు వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. చెట్టు నీడన ఉన్న సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టింది. దాని ముఖం చూస్తే తెలిసింది, అది మాత్రం మొత్తం విన్నది.

"తాతయ్యకి తెలుసా?" అంది.

"వచ్చి నుదురు ముట్టుకున్నాడుగా. తెలియకపోవడమేం?"

"నాతో కూడా జ్వరం అనే చెప్పావు."

అది సీసాలో నీళ్ళు నా పక్కన పెట్టి, టోపీ సరిచేసుకుని వెళ్ళిపోయింది. వెనక రోడ్డులో నల్లరాయి కొట్టడానికి ఎన్ని రోజులు పడుతుందని ఎవరో అడుగుతున్నారు. మిషన్లుంటే మూడు రోజులని అది చెబుతోంది.

కూలీలు టీ తాగారు. మళ్ళీ దిగారు. ఎండ నా పాదాల మీదనుంచి మోకాళ్ళదాకా పాకింది. దిమ్మ మీదనుంచి దాని పసుపుపచ్చ టోపీ కనిపిస్తూనే ఉంది. ఇటు తిరుగుతుందేమోనని అలాగే కూర్చున్నాను.