ఐదువందల పన్నెండు జీబీ

"పోతే నీవేగా పోయేది," అన్నాడు మా ఆయన, కొత్త మెమరీ కార్డుని నా కెమెరాలోకి నెట్టి మూత వేస్తూ.

ఐదువందల పన్నెండు జీబీ కార్డు. అంత పెద్దది మా ఇంట్లోకి రావడం అదే మొదటిసారి. అట్ట పెట్టె విప్పి మా అత్తయ్యని పిలిచి మరీ చూపించాడు. ఆవిడ అరచేతిలో పెట్టుకుని, "గోరంత లేదు, దీనికా ఇంత హడావిడి!" అంది. అంత పెద్ద కార్డు మీద ఆయనకి గర్వమే తప్ప నమ్మకం లేదు. అందుకని ఓ నెల నా కెమెరాలో ఉంచి, చెడకపోతే తను తీసుకుంటాడట. పాలు విరిగాయో లేదో ముందు నాకు పోసి చూసినట్టు.

మాది పెళ్ళి ఫోటోల వ్యాపారం. 'మాది' అనే మాట నేను వాడతాను, ఆయన వాడడు. నేను చదివింది కంప్యూటర్లు. పెళ్ళయిన రెండో నెలలో "ఖాళీగా ఉన్నావుగా, ఈ కార్డులు కాస్త కాపీ చెయ్" అన్నాడు. ఆ 'కాస్త' పెరిగి పెరిగి, కాపీ చేయడం, ఏరడం, రంగులు సరిచేయడం, ఆల్బమ్ కూర్చడం, అర్ధరూపాయి అందం లేని పెద్దమనిషిని పదిరూపాయల అందగాడిగా మార్చడం, అన్నీ నావయ్యాయి. తర్వాత ఆయన వాడి వదిలేసిన పాత కెమెరా నా మెడలో పడింది. ఆడవాళ్ళు తయారయ్యే గదుల్లోకి మగ ఫోటోగ్రాఫర్ని రానివ్వరు కదా, అందుకు. బయట ఎవరైనా అడిగితే మాత్రం "మా ఆవిడ సరదాగా వస్తుంది" అంటాడు. పద్నాలుగు గంటలు నిలబడితే కాళ్ళు వాచే సరదా.

పెద్ద కార్డు వద్దని నేను అన్నాను. నా పద్ధతి వేరు. నాలుగు చిన్న కార్డులు, ఒక డబ్బా. ఖాళీవి వెల్లకిలా, వాడినవి బోర్లా. ఒకటి చెడితే పెళ్ళిలో ఓ పావు భాగం పోతుంది, పెళ్ళంతా పోదు. ఇల్లంతటికీ ఒకే దూలం వేస్తామా? ఇదంతా చెబితే ఆయన నవ్వి, "చిల్లర బుద్ధి ఎక్కడికి పోతుంది! మాటిమాటికీ కార్డు మార్చుకుంటూ కూర్చుంటే పెళ్ళి అయిపోతుంది" అన్నాడు.

కార్డు చెడలేదు. నెల తిరక్కుండానే "బాగానే ఉందిగా, ఇటివ్వు" అని తన కెమెరాలోకి మార్చుకున్నాడు. అందులో ఉన్నవి చెరపమంటారా అంటే, "ఎందుకు? సముద్రమంత చోటుంది" అన్నాడు.

కార్డు నా కెమెరాలో ఉన్న ఆ నెలలోనే నేను ఒక ఫోటో తీశాను. పెళ్ళికూతురు తయారయ్యే గది. వాళ్ళమ్మ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో మూడు పిన్నీసులు పట్టుకుని, కూతురి బట్టల అంచు సర్దుతోంది. పైనుంచి కూతురు వంగి తల్లి చెంపకి అంటుకున్న వెంట్రుకని చిటికెన వేలితో పక్కకి తీస్తోంది. నోట్లో పిన్నీసులున్నాయి కాబట్టి తల్లి నవ్వలేక కళ్ళతో నవ్వుతోంది. అంతే. నొక్కగానే నాకు తెలిసింది. తెలియడమంటే ఎలా చెప్పను, చాలాసేపటి నుంచి బిగపట్టిన ఊపిరి వదిలినట్టు.

మూడు నెలల తర్వాత ఆ ఫోటోకి ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్ళ మొదటి బహుమతి వచ్చింది. మా ఆయన పేరు మీద. పోటీకి పంపాడన్న సంగతే నాకు తెలియదు, ఇత్తడి పలక ఇంటికొచ్చేదాకా.

"ఇది నేను తీసింది," అన్నాను.

"కెమెరా ఎవరిది? ఆర్డరు ఎవరిది? నొక్కింది నువ్వు, అంతేగా!"

నొక్కడం కాక ఫోటో తీయడమంటే ఇంకేముంటుందో నాకర్థం కాలేదు. అత్తయ్య వంటగదిలోంచే తీర్పు చెప్పేసింది. "మొగుడికి పేరొస్తే నీకు రానట్టా, అమ్మాయ్? ఇంట్లోకేగా వచ్చింది." నిజమే, ఇంట్లోకే వచ్చింది. టీవీ పైన మేకుకి ఎక్కింది. వారానికోసారి చింతపండుతో తోమి మెరుగు తెప్పించే పని కూడా నాకే వచ్చింది. తోముతున్నప్పుడు ఆయన పేరులోని అక్షరాల సందుల్లో మురికి ఇరుక్కుంటే పుల్లతో గీకాలి. గీకేదాన్ని. ఎవరితో చెప్పుకోను, ఏం చూపించి చెప్పుకోను? కంప్యూటర్లో మంచివి ఉంచి మిగతావన్నీ చెరిపేయమనేది ఆయన ఆజ్ఞ. నా చేత్తో నేనే చెరిపాను.

పోయిన వారం ఆయన ఉత్సాహంగా వచ్చాడు. సంఘం సమావేశంలో అరగంట మాట్లాడమన్నారట. విషయం, డిజిటల్ కెమెరాలకి పెద్ద మెమరీ కార్డులు లాభమా, కాదా.

"నాలుగు ముక్కలు రాసిపెట్టు. లాభమేనని రాయి. సీజనంతా ఒక్క కార్డులో ఉందని తెర మీద చూపిద్దాం, నోళ్ళు వెళ్ళబెడతారు," అని కార్డు నా ముందు పడేశాడు.

కార్డు పెట్టి తెరిచాను. తారీఖుల వారీగా పేర్చాను. నా నెల వచ్చింది. ఆ గది వచ్చింది.

ఆ బహుమతి ఫోటోకి ముందు ఇంకో ఫోటో ఉంది. గదిలో వెలుగు ఎలా ఉందో చూడ్డానికి అద్దంలోకి గురిపెట్టి తీశాను. అద్దంలో నేను, మెడలో పట్టీ, కంటికి కెమెరా, నా వెనక పిన్నీసులు నోట్లో పెట్టుకుంటున్న తల్లి. రాత్రి పది నలభై ఒకటి. తర్వాతది బహుమతి ఫోటో. పది నలభై రెండు. దాని తర్వాతది గది తలుపు తీసుకుని బయటికి రాగానే తీసింది. భోజనాల దగ్గర మా ఆయన, నోరు తెరిచి ఉన్నాడు. పది నలభై మూడు.

ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో. నా చిన్న కార్డులైతే వారం తిరగ్గానే చెరిపి మళ్ళీ వాడేదాన్ని. ఈ అద్దం ఫోటో ఏనాడో మాయమయ్యేది. చోటు తక్కువైన చోట ముందు నన్నే చెరుపుకోవడం నాకు అలవాటు. అవునండీ, పెద్ద కార్డు లాభమే. నా అభిప్రాయం మార్చుకున్నాను. ఉపన్యాసం చాలా బాగా రాశాను, ఒక్క అబద్ధం లేకుండా. ఆయన ముందుగా చదవడని నాకు తెలుసు. ఈ నాలుగేళ్ళలో నేను టైపు చేసిన ఏ కాగితమూ ఆయన ముందుగా చదవలేదు. సంతకం పెట్టేది తనే కదా, చదవడం దేనికి?

సమావేశం రోజు మా ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసిచ్చాను. హాల్లో వందమంది దాకా ఉన్నారు. నేను వేదిక పక్కన ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్నాను.

"మా ఆవిడండీ. బటన్ నొక్కడానికొచ్చింది," అన్నాడు మైకులో. నవ్వారు. నేనూ నవ్వాను.

కాగితం చూసి గడగడా చదువుకుపోయాడు. చివరికి నేను రాసిన వాక్యం దగ్గరకొచ్చాడు. "పెద్ద కార్డు గొప్పతనమేంటంటే, ఏదీ చెరపక్కర్లేదు. ఉదాహరణకి నా బహుమతి ఫోటోనే చూడండి. దానికి ముందూ వెనకా ఏం జరిగిందో నిమిషం నిమిషం ఉంది. ఏదీ, చూపించు."

చూపించాను. మూడు ఫోటోలు, పక్కపక్కన, కింద కెమెరా పేరు, ఫోటో నంబరు, టైముతో.

ముందు వరసలో పాస్‌పోర్ట్ అక్క కూర్చుంది. సంఘంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి, ముప్పై ఏళ్ళుగా పాస్‌పోర్ట్ ఫోటోలు తీసే స్టూడియో ఆవిడది. మొహాలు పోల్చడంలో ఆవిడ కన్ను తప్పదు. "అద్దంలో ఉన్నది ఈ అమ్మాయే కదూ?" అంది, నా వైపు చెయ్యి చూపిస్తూ.

వెనక నుంచి ఎవరో, "ఒక చేతిలో ప్లేటు, ఒక చేతిలో గ్లాసు! ఫోటో తీసిన ఆ మూడో చెయ్యి ఎక్కడ దాచావయ్యా?" అన్నారు. హాలంతా గొల్లుమంది.

"అది... కెమెరాలో టైము తప్పుగా సెట్టయింది," అన్నాడు మా ఆయన.

"తప్పయితే మూడింటికీ తప్పవ్వాలిగా! ఒకే కెమెరా, వరస నంబర్లు," అన్నాడు సంఘం పెద్ద, గడ్డం సారు. బహుమతి ఇచ్చింది ఆయనే. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏమ్మా, నువ్వు తీశావా?"

నేను నోరు తెరిచేలోపు మా ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. "తీసెయ్. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం," అన్నాడు, పెదాల మీద నవ్వు అలాగే ఉంచుకుని.

ఇంటికెళ్తే ఏం మాట్లాడతామో నాకు తెలుసు. అక్కడ కెమెరా ఆయనది, ఆర్డరు ఆయనది, వంటగదిలో న్యాయమూర్తి వాళ్ళమ్మ. ఇక్కడ ఉన్నది వందమంది ఫోటోగ్రాఫర్లు. వరస నంబరంటే ఏమిటో, అద్దం అంటే ఏమిటో తెలిసినవాళ్ళు. జీవితంలో నా మాటకి ఇంతమంది సాక్షులు మళ్ళీ దొరకరు.

"నేనే తీశానండీ," అన్నాను. మైకు అక్కర్లేకపోయింది. "ఇదొక్కటే కాదు. వీరి స్టూడియో గోడ మీద ఉన్నవాటిలో పదిహేడు నేను ఆ ఒక్క నెలలో తీసినవే. అన్నీ ఈ కార్డులోనే ఉన్నాయి. చూస్తారా?"

"వెయ్యమ్మా, వెయ్యి!" అంది పాస్‌పోర్ట్ అక్క, కుర్చీ ముందుకి లాక్కుని.

మా ఆయన గబగబా వచ్చి ప్రొజెక్టర్‌కి అడ్డంగా నిలబడ్డాడు, రెండు చేతులూ చాపి. అద్దంలోని నేను, కెమెరాతో సహా, వెళ్ళి ఆ తెల్ల చొక్కా మీద పడ్డాను. పొద్దున ఇస్త్రీ చేసిన చొక్కా, ముడత లేదు. చాలా స్పష్టంగా కనిపిస్తున్నాను.

తర్వాతి ఫోటో మీద వేలు పెట్టి, పెళ్ళయ్యాక మొట్టమొదటిసారి, నలుగురూ వినేలా ఆయనతో అన్నాను.

"కాస్త పక్కకి జరుగు. నాకు అడ్డొస్తున్నావు."