కలుపు తీసే చేతులు

టమాటా ఆకులు ముడుచుకుపోయాయని ముందు చూసింది ఆవిడే. పొద్దున్నే నీళ్ళు వదలబోతూ కంచె పక్క సాళ్ళ దగ్గర ఆగిపోయింది. లేత ఆకులన్నీ సన్నగా మెలితిరిగి ఉన్నాయి. తెగులైతే ఇలా కంచె పక్క సాళ్ళకే ఆగదు. కంచె అవతల పొలం మరిదిది. మొన్న సాయంత్రం అతను కలుపు మందు కొడుతుంటే గాలి ఇటు తిరిగింది.

ఏడవడానికి కూడా ఓపిక లేదు ఆవిడకి. బకెట్ బోర్లించి దాని మీద కూలబడింది.

ఆవిడా, భర్తా కలిసి ఆ కాస్త పొలంలో ఏళ్ళ తరబడి మందుల్లేకుండా కూరగాయలు పండిస్తున్నారు. ఆయన్ని అందరూ మట్టి మాస్టారంటారు. గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకుని అందులో బతికే ప్రాణుల గురించి చెబుతుంటే, వినేవాళ్ళు కాఫీ చల్లారిపోయినా పట్టించుకోరు. ఊరికే చెప్పడు, నమ్మి చెబుతాడు. కాకపోతే ఆ మాటలు చెప్పడానికి ఆయన ఊరూరా సభలకెళ్ళాడని కలుపు ఆగదుగా. అది ఆవిడ వంతు. మోకాళ్ళ కింద గోనెసంచి వేసుకుని పీకుతూ చివరి సాలుకి చేరేసరికి, మొదటి సాలు మళ్ళీ పచ్చబడి ఉండేది.

ఆ రోజే, వాళ్ళ దగ్గర కూరలు కొనే జనం పొలం చూడ్డానికి వస్తున్నారు. ఆకులు చూసి మాస్టారి ముఖం పాలిపోయింది. వాళ్ళని ఇటు రానివ్వకుండా బెండ, బీర చూపించి పంపేద్దామన్నాడు. సొంత తమ్ముడికే నచ్చజెప్పలేకపోయాడంటారని ఆయన బాధ. సరేనంది ఆవిడ. వాదించడానికీ ఓపిక కావాలి కదా.

వచ్చినవాళ్ళలో ఒకమ్మాయి తనంతట తనే కంచె దాకా వెళ్ళి, ఈ మొక్కలకేమైందని అడిగింది. ఏదో తెగులని నీళ్ళు నమిలాడు మాస్టారు.

"తెగులు కాదమ్మా," అంది ఆవిడ. "పక్క పొలంలో కొట్టిన కలుపు మందు పడింది. ఇవి పీకేస్తాం. ఎవరికీ అమ్మం."

కంచె అవతల పనిలో ఉన్న మరిది ఆ మాట విన్నాడు. ఇటు వచ్చి, గాలి చూసుకోకపోవడం తన తప్పేనని ఒప్పుకున్నాడు. అక్కడితో అయిపోయేదే. మాస్టారు ఊరుకోలేదు. మందు లేకుండా పండించడం ఏమంత కష్టం కాదని, మనసుండాలని అందరి ముందూ తమ్ముడికి క్లాసు పీకడం మొదలుపెట్టాడు.

మరిది గొంతు పెంచలేదు. "నీకేం కష్టం అన్నయ్యా, నీకు వదినుంది. మా ఆవిడ ఫ్యాక్టరీకెళ్తుంది, నేనొక్కణ్ణే. నువ్వు ఊరూరా చెప్పే వ్యవసాయం వదిన నడుం మీద నడుస్తోంది. ఆ ముక్క మాత్రం ఎక్కడా చెప్పవు."

మాస్టారు భార్య వైపు చూశాడు, కాదంటుందేమోనని. ఆవిడ కాదనలేదు. ఇన్నేళ్ళలో తన నడుం సంగతి పట్టించుకున్నవాడు, తన మొక్కల్ని పాడుచేసినవాడే. కోప్పడాలో దణ్ణం పెట్టాలో తోచలేదు.

జనం వెళ్ళిపోయాక ముగ్గురూ కలిసి ఆ మొక్కలు పీకారు. పచ్చికాయలతో సహా గొయ్యి తీసి పూడ్చేశారు. మరిది వెళ్ళాక, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ మాస్టారు అడిగాడు.

"వాడన్నది నిజమేనా? నడుం అంత నొప్పిగా ఉందా?"

"చాన్నాళ్ళయింది."

"చెప్పొచ్చుగా."

"ఎప్పుడు చెప్పను? మీరు ఇంట్లో ఉన్న వేళ నేను పొలంలో ఉంటాను."

ఆయన సభలు మానలేదు, మానలేడు కూడా. కలుపు రోజుల్లో పడేవి మాత్రం వదిలేశాడు. సగం పొలంలో కూరగాయలు మానేసి, కలుపు తగ్గుతుందని, నేలకీ బలమని జనుము చల్లారు. కూరలు చాలక కొందరు వేరేచోట కొనుక్కుంటున్నారు. మరిది మందు మానలేదు గానీ, కంచె వెంట కొన్ని సాళ్ళు కొట్టకుండా వదిలేస్తున్నాడు. మాస్టారి చేతికి కలుపు పని ఇంకా అలవాటు కాలేదు. గడ్డితోపాటు మంచి మొక్కనీ పీకేసి, ఆవిడ చూడకుండా మళ్ళీ గుచ్చుతాడు. ఆవిడ చూస్తుంది, చూడనట్టు ఊరుకుంటుంది.

ఆవిడ అలసట తీరలేదు, ఇంత త్వరగా తీరేదీ కాదు. కాకపోతే ఈమధ్య మధ్యాహ్నం పూట, తలుపు దగ్గరికి వేసి కాసేపు నడుం వాలుస్తోంది.